పాతకత్తి మెడమీది అక్షరములు



మన గ్రామములలో అరువదియేండ్లు పైబడినవారందఱును మంగలిపొది నెఱుగుదురు. తోలుతోనో ముతకగుడ్డతోనో కుట్టిన యా సంచిలో రెండుమూడు కత్తులు, కత్తెర, గోరుగల్లు, సానరాయి, తోలుపట్టా, నీళ్లగిన్నె, చిన్న యద్దము ఉండెడివి. తెల్లవాఱగనే దానిని చంకబెట్టుకొని నాయీబ్రాహ్మణుడు వాకిట నిలిచినచో ఇంటిలోని మగవారందఱును అరుగుమీదికి వచ్చి వరుసగా కూర్చుండెడివారు. పురిటియింటను, పెండ్లియింటను, చావింటను అతడు లేక కార్యము సాగెడిది కాదు. చౌలసంస్కారమున శిశువు తలపై కత్తి నుంచుటకు ముందు, ఈ బిడ్డను హింసింపకుమని ఆ కత్తినే ప్రార్థించు మంత్రము మన గృహ్యసూత్రములలో కలదు. కఠోపనిషత్తు జ్ఞానమార్గమున నడచుట యెంత కష్టమో చెప్పవలసివచ్చినపుడు క్షురధారనే యుపమానముగా గైకొన్నది. ఇంత పూర్వమునుండి మనతో నున్న యీ పనిముట్టును గూర్చి, నేను బడిలో బోధించిన చరిత్రపుస్తకములలో నొక్క పంక్తియు నాకు కనబడలేదు.

నేను నేడు చెప్పదలచినది ఆ కత్తుల మెడమీద నుండు చిన్న యక్షరముల చరిత్ర. అవి యెట్లు పుట్టినవి, మనకేమి చెప్పును, తుప్పుపట్టిన కత్తిని చేతితో బాగుచేయునపుడు అవి చెఱగకుండ నెట్లు కాపాడుకొనవలెను అనునదియే విషయము. ఇందు కొంత పుస్తకములవలన తెలిసికొంటిని. కొంత నా చేతులార నొక కత్తిని చెఱచుటవలన తెలిసికొంటిని. ఆ రెండవదానినే ముందు చెప్పవలసియున్నది.

2009వ సంవత్సరమున మా యూరి వృద్ధ క్షురకు డొకడు కాలము చేసెను. మా తండ్రికిని, నాకును, నా కుమారునికిని తల గొఱిగిన చేయి యది. చివరి పదియేండ్లు ఆయనకు చూపు లేదు. ఆయన మనుమడు పట్టణమున సెలూను పెట్టుకొని, ఒకమాఱు వాడి పాఱవేయు బ్లేడుతో పనిచేయుచున్నాడు. రక్తమువలన రోగములు ఒకరినుండి యొకరికి సోకునను భయము కలిగిన పిమ్మట అంతటను అట్లే జరిగినది. పాతకత్తులు పొదులలోనే యుండిపోయినవి. ఆ పిల్లవాడు కర్మాంతరములు ముగిసిన పిమ్మట పొది తెచ్చి నా యెదుట నుంచి, "పంతులుగారూ, మా తాత కత్తులు రెండున్నాయి. తుప్పు తినేస్తున్నది. మీరు బడిలో పాత వస్తువులు దాచేవారు గదా, వీటిని కాస్త బాగుచేసి పెట్టండి" అని యడిగెను.

నేను చరిత్ర బోధించినవాడనే కాని ఇనుము గుణ మెఱిగినవాడను కాను. అయినను తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. మొదటి కత్తిని తీసి, మనవారు ఉప్పుకాగితమని పిలుచు గరుకుకాగితముతో నొక పూటయంతయు రుద్దితిని. తుప్పు పోయినది, గీతలు మిగిలినవి. ఆ గీతలు పోవుటకై కత్తులు పదునుపెట్టు నొకని చక్రమువద్దకు దానిని గొనిపోయి, అద్దమువలె మెఱయునట్లు చేయుమని నేనే చెప్పితిని. అతడు నేను చెప్పినట్లే చేసెను, తప్పు అతనిది కాదు. పావుగంటలో కత్తి తళతళలాడినది. కొనవద్ద వెన్నుమీద మాత్రము నెమలికంఠమువంటి నీలిరంగు మచ్చ యొకటి కనబడెను. అదియు నొక యందమే యనుకొంటిని!

పిల్లవాడు వచ్చి కత్తిని చేత బట్టుకొని అటునిటు త్రిప్పెను. దాని మెడమీద బొటనవ్రేలు పెట్టి రెండుమూడుమాఱులు రాచి చూచెను. "ఇక్కడ చుక్క ఒకటి, పక్కనే నాలుగు రేకుల పువ్వు ఒకటి ఉండేవి గదండీ. కళ్లు పోయిన తరువాత మా తాత దాన్ని తడిమే ఏ కత్తో చెప్పేవాడు" అనెను. అంతకుమించి యొక్కమాట యనలేదు. నేనును ఏమియు ననలేకపోతిని.

రెండవ కత్తిని అతడు వెంటనే తీసికొనిపోవు ననుకొంటిని. తీసికొనిపోలేదు. ఈసారి తొందరపడనని చెప్పి నాయొద్దనే యుంచుకొంటిని. దానిని తాకుటకు ముందు, పోయిన చుక్కయు పువ్వును ఏమో తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది.

మొదట కత్తి యవయవములు చెప్పెదను. కోయు నంచు వాదర. దాని కెదురుగా నున్న మందపుభాగము వెన్ను. అలుగు పిడిలోనికి పోవుచోట నుండు దళసరి కడ్డీవంటి భాగమును ఈ ప్రసంగమున మెడ యని పిలిచెదను. మెడకు చివర, వ్రేలానించుకొనుటకు వంకరగా నుండునది తోక. మెడక్రింద వ్రేలు జాఱకుండ ఆకురాతితో కోసిన సన్నని గాట్లుండును. పిడి రెండు బద్దలు. వానిని పట్టియుంచునవి ఇత్తడిచీలలు, చీలతలలక్రింద చిన్న బిళ్లలు. బద్దల రెండవకొన నడుమ సీసపుముక్కయో కొమ్ముముక్కయో బిగించియుండును.

కత్తిమీద మనకు కనబడు వ్రాత మూడు లోతులలో నుండును. మెడమీది ముద్ర యన్నిటికంటె లోతైనది. ఉక్కుకు పదునుపెట్టి గట్టిపఱచుటకు ముందే, అది మెత్తగా నున్నపుడు, ముద్రను సుత్తితో కొట్టి దింపుదురు. అలుగుమీది లతలు, ఓడలు, నినాదములు మొదలైనవి అట్టివి కావు. అలుగును సానబట్టి మెఱుగుపెట్టిన పిమ్మట మైనమువంటి పూత పూసి, పూత లేనిచోట ఆమ్లముతో తినిపించి వానిని దించిరి. వాని లోతు వెంట్రుకలో నెన్నవవంతో! ఇక మూడవది పసిడిపూత. ఆ లతలలో బంగారు పొర యొకటి పలుచగా నద్దియుండును. దానికి లోతే లేదు. ఉప్పుకాగితము నొక్కమాఱు రాచిన పూత పోవును. పదిమాఱులు రాచిన లత పోవును. చక్రముమీద పెట్టిన ముద్రయు పోవును. నేను మూడవదానివఱకు పోయితిని.

ఇట్టి కత్తులు పుట్టినచోటు ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణము. కత్తులకది కాశివంటిది. 14వ శతాబ్దపు కవి చాసరు కావ్యముననే షెఫీల్డు కత్తి ప్రస్తావన కలదు. డాను, షీఫు, రివెలిను, లాక్స్లీ, పోర్టరు అను నైదేఱులు ఆ కొండప్రాంతమున దిగుచుండుటచే నీటిచక్రములకు కొదువ లేదు. సానలకు తగిన యిసుకరాయి దగ్గఱనే దొరకెడిది. 1624లో అచ్చటి కత్తుల పనివారి సంఘమునకు పార్లమెంటు చట్టముచే నధికారము కలిగినది. ప్రతి పనివాడును తన ముద్రను ఆ సంఘమున నమోదు చేయించుకొనవలెను. ఒకని ముద్ర నింకొకడు కొట్టరాదు. మన వర్తకులకు సంతకమెట్టిదో వారికి ముద్ర యట్టిది. కొన్ని ముద్రలు తండ్రినుండి కొడుకునకు ఆస్తివలె సంక్రమించినవి, కొన్ని సొమ్మునకు చేతులు మాఱినవి.

క్షురమునకు మామూలు ఉక్కు చాలదు. 1740 దశకమున బెంజమిను హంట్సుమను అను గడియారముల పనివాడు, తన గడియారపు స్ప్రింగులకు మంచి యుక్కు దొరకక, షెఫీల్డుచెంత హాండ్సువర్తునందు మట్టిమూసలలో నుక్కును పూర్తిగా కరగించి పోతపోయు విధానమును సాధించెను. అది మిక్కిలి గట్టిదని షెఫీల్డువారు మొదట ముట్టలేదనియు, ఫ్రాన్సువారు కొనుచుండగా చూచి పిదప తామును కొనిరనియు చెప్పుదురు. పాతకత్తుల మెడమీద పోతయుక్కు అని ముద్రించియుండుట కిదియే కారణము.

మూస యనగానే మనవారికి వేఱొక యూరు జ్ఞప్తికి రావలెను. తెలంగాణమున నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి కమ్మరులు చిన్న మట్టిమూసలలో ఇనుమునుంచి, మూతబిగించి, చిరకాలము కాల్చి, మెల్లగా చల్లార్చి ఉక్కుముద్దలు చేసెడివారు. పారసీక వర్తకులు వచ్చి యా ముద్దలను కొనిపోయెడివారు. 1820 ప్రాంతమున వాయిసీ యను నింగ్లీషు పండితుడు అచ్చటికి పోయి యా పనిని కన్నులార చూచి వ్రాసెను. ఆ వ్యాసము 1832లో, ఆయన మరణానంతరము, కలకత్తాలో అచ్చయ్యెను. దక్షిణదేశపు ఈ యుక్కునే యూరపువారు ఊట్జు అనిరి. మన ఉక్కు శబ్దమే ఆ రూపము దాల్చెనని పలువురి మతము. 1795లో జార్జి పియర్సను లండనులోని రాయల్ సొసైటీ యెదుట దీనిని గూర్చి వ్యాసము చదివెను. జేమ్సు స్టోడార్టను కత్తుల పనివాడు ఈ యుక్కుతో క్షురములు చేసి యమ్మెను. ఆయనయు, కమ్మరి కుమారుడైన మైకేలు ఫారడేయు కలిసి ఊట్జు రహస్యమును వెదకుచు ఉక్కులో వెండి మొదలగు లోహములను కలిపి 1820లోను 1822లోను తమ పరీక్షలను ప్రకటించిరి. ఫారడే ఆ మిశ్రలోహముతో చేయించిన క్షురములను స్నేహితులకు కానుకగా నిచ్చెడివాడు. ఆ తరువాత వెండియుక్కు అను ముద్ర కత్తులమీద విరివిగా కనబడజొచ్చినది. అందు వెండి లేనివియే పెక్కు. వర్తకులు ఏ దేశమందైనను వర్తకులే గదా.

హంట్సుమను మనవారినుండి నేర్చెనని నేను చెప్పబోను. దాని కాధారము లేదు. మన గొప్ప చెప్పుకొనుటకు లేనిది కల్పించుట, ఉన్న యక్షరమును చెఱపుటవంటిదే యని నా తలంపు. కాని గోదావరి సీమలోని మా యూరి పొదిలో షెఫీల్డు కత్తి నుంచుకొన్న మా ముసలాయనకు, తన కత్తి పుట్టిన దేశమువారు దక్షిణదేశపు కమ్మరి యుక్కుముద్దను పరీక్షించి చూచిరని తెలిసియుండిన, ఎంత సంతసించియుండునో యనిపించును.

అలుగునకు చేరువగా నుండు నింకొక వ్రాతను గూర్చి చెప్పవలెను. దానిని భూతద్దముతో గాని చూడలేము. అలుగు బోలుగా నుండుట కెఱుగుదురు గదా. ఆ బోలుతనము గుండ్రని సానచక్రముమీద పట్టుటచే కలిగినది. చక్రమెంత చిన్నదో బోలు అంత లోతు. పూర్వకాలపు కత్తులు వెన్నునుండి వాదరవఱకు గొడ్డలివలె దళసరిగా దిగును. 19వ శతాబ్దపు చివర జర్మనీలోని సోలింగెనువారు పలుచని బోలు పనిని మిక్కిలి వృద్ధిచేసిరి. ఎట్టి కత్తిమీదనైనను, బాగుగా మిగిలియున్నచో, సాన నడచిన జాడలు సన్నని గీతలై కనబడును. ఆ గీతలు గీసినవాని పేరు ఏ ముద్రలోను లేదు. షెఫీల్డులో సానపనివారు కొయ్యదూలముమీద గుఱ్ఱమెక్కినట్లు కూర్చుండి, చక్రముమీదికి వంగి పనిచేసెడివారు. పొడిసాన పట్టినపుడు రాతిధూళియు ఉక్కుధూళియు ఊపిరితో లోనికిపోయి ఱొమ్ము చెడి చిన్నవయసుననే పోవుచుండిరి. 1843లో కాల్వర్టు హాలండను వైద్యుడు వారి యూపిరితిత్తుల రోగమును గూర్చి గ్రంథమే వ్రాసెను. ఒక కత్తిమీద మిగిలిన యా గీతలు, ఊపిరి ధారపోసిన యొకని చేవ్రాలు. మెఱుపు కొఱకు మనము వానిని అరగదీసినచో, ఆ మనుష్యుడు లోకమున నుండెననుటకు నున్న యొక్క గుర్తును అరగదీసినట్లే.

ముద్రలవలన కాలమును పట్టుకొను విధము వినుడు. కొన్ని కత్తులమీద కిరీటమును, దాని కిరువైపుల రెండక్షరములును ఉండును. జీ, ఆర్ అన్నచో జార్జిరాజు. డబ్ల్యూ, ఆర్ అన్నచో నాలుగవ విలియము. వీ, ఆర్ అన్నచో విక్టోరియారాణి. విలియము 1830 మొదలు 1837 వఱకు 7 ఏండ్లే యేలెను. విక్టోరియా 1837 మొదలు 1901 వఱకు 63 ఏండ్లు దాటి యేలెను. ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరమును సగము తుప్పు తినినచో వీ అక్షరమగును. ఒక్క గీత యరిగిన, 7 ఏండ్లలో నిలుపదగిన కత్తి 63 ఏండ్లలో నెక్కడనో దిక్కు తెలియక నిలుచును. దేశము పేరును అట్లే పనికివచ్చును. సోలింగెను సరకుమీద షెఫీల్డు పేరు కొట్టి యమ్ముచున్నారని ఇంగ్లండులో గొడవ పుట్టగా 1887లో చట్టము చేసి, పైదేశపు సరకు ఎక్కడిదో తెలియునట్లు ముద్ర వేయవలెననిరి. 1890లో అమెరికావారు తమ దేశమునకు వచ్చు సరకుమీద పుట్టిన దేశము పేరుండవలెనని శాసించిరి. అందుచే దేశనామము ముద్రించిన కత్తి సామాన్యముగ ఆ తరువాతిది. లేనంతమాత్రమున మునుపటిదని తీర్పు చెప్పరాదు. అనుమానమునకు తావు కలదనవలెను.

ఇక రెండవ కత్తి సంగతి. లోహవస్తువులను కాపాడు పని తెలిసిన మిత్రు డొకనికి నా మొదటి కత్తి కథ చెప్పితిని. వెన్నుమీది నీలిమచ్చ సంగతి విని యాయన నవ్వలేదు. గట్టిపఱచిన యుక్కును ఇన్నూఱు డిగ్రీలు దాటి వేడిచేసినచో మొదట గడ్డిరంగు, పిదప ఊదా, నీలము వచ్చుననియు, నీలమువచ్చినచోట క్షురమునకు వలసిన కాఠిన్యము పోయినట్లే యనియు చెప్పెను. చక్రమురాపిడికి వేలు కాలకపోవచ్చును. వాదర కాలును, అది యంత పలుచన. కావున చేతిపనియే శరణ్యము. చింతపండు, నిమ్మకాయ మన యిత్తడిచెంబులకు మంచివే కాని, ఉక్కు ముద్రలో వాని పులుసు దిగినచో అక్షరపు అంచులను తినును. వానిని దగ్గఱకు రానీయవలదనెను.

ఆ కత్తిని పదునొకండు దినములు బాగుచేసితిని. మొదటి దినము తుడువనేలేదు. ఉదయపుటెండ ఏటవాలుగా పడునట్లు కిటికీచెంత పెట్టి భూతద్దముతో చూచి, కనబడినదంతయు కాగితముపై గీసికొంటిని. పలుచని కాగితమును మెడమీద పఱచి సీసపుకడ్డీతో మెల్లగా రాచినచో, కంటి కగపడని గీతలు కాగితముమీదికి వచ్చును. పిల్లలు నాణెముల బొమ్మలు తీయునట్లే. అక్షరములుండుచోటు అట్లు తెలిసినది, అక్షరములు తెలియలేదు.

వాదరకు మొదలే చీల్చిన వెదురుబద్ద నొకటి తొడిగి దారముతో కట్టితిని. అది నా వ్రేళ్లకును వాదరకును రక్ష. పిదప ఆ కత్తి మెడకు కిరసనాయిలు పట్టించి రాత్రియంతయు నుంచితిని. తెల్లవాఱి చూడగా నల్లని మడ్డి యుబ్బియుండెను. అది తుప్పొక్కటే కాదు. ఏండ్ల తరబడి చేరిన సబ్బు, చమురు, వెంట్రుకల ముక్కలు. మెత్తని బ్రష్షుతో దానిని తీసితిని. మెడక్రింది గాట్లలో బ్రష్షు చేరదు. వెదురుపుల్లను కలమువలె చెక్కి ఒక్కొక గాటును విడివిడిగా శుభ్రపఱచితిని. పుల్ల మొన మాటిమాటికి అరుగును, మాటిమాటికి చెక్కవలెను. ఉక్కుసూదితోనైన త్వరగా నగును గదా యని ముందు తోచినది. వెదురు అరుగును కాని ఉక్కును గీయదు. సూది యట్లు కాదు, గాటులో క్రొత్తగాటు పెట్టును, ఆ పిమ్మట ఏది పనివానిదో ఏది మనదో చెప్పనేరము.

చీల చుట్టును, బద్దల నడుమను మఱింత చిక్కు. చీలలూడదీసి బద్దలు విప్పినచో పని సులువు. కాని పాతచీల నూడదీసిన మరల పెట్టలేము, అదియు చరిత్రలో భాగమే. వదులైనదని సుత్తితో కొట్టినచో కొమ్ము చిట్లును. అందుచే నూలుదారమును సన్ననూనెలో తడిపి, మెడకును బద్దకును నడుమ దూర్చి, రెండుకొనలు పట్టుకొని అటునిటు లాగితిని. మొదటి దారము కాటుకవలె వచ్చినది. తొమ్మిదవ దారము తెల్లగా వచ్చినది. కొనయందు సీసపుముక్క యుండెను. దానిమీది తెల్లని పొడి విషము. దానిని గాలిలో నెగురగొట్టక తడిగుడ్డతో నద్ది, గుడ్డను పాఱవేసి, చేతులు కడుగుకొంటిని. పిడి కొమ్ముది కావున ఎండిపోయి పగుళ్లు చూపుచుండెను. రెండు చుక్కల నూనెతో తేఱుకొన్నది. కొన్ని కత్తుల పిడులు సెల్యులాయిడువి. అవి పాతబడి కర్పూరపువాసనతో చెమర్చి ఘాటైన ఆవిరి విడుచును, ఆ యావిరియే అలుగును తినివేయును. అట్టిదానిని తక్కిన కత్తులతో కలిపి పొదిలో నుంచినచో పొదియంతయు చెడును.

తుప్పులో రెండు జాతులు కలవు. ఎఱ్ఱనిది పొడిపొడిగా లేచి లోనికి తినుచు పోవును, దానిని తీయవలెను. నల్లనిది గట్టిగా నంటుకొని యుక్కును కప్పియుండును, దానిని విడిచిపెట్టవలెను. వస్త్రగాళితము పట్టిన సుద్దపొడిని నూనెతో మేదించి, దూదిలో నద్ది, వ్రేలికొనతో సాన గీతలవెంబడి మాత్రమే నడిపితిని, అడ్డముగా కాదు. ఎఱ్ఱదనము పోగానే చేయి నిలిపితిని. చిన్న గుంటలు నల్లచుక్కలై మిగిలినవి. వానిని మాపవలెనన్న చుట్టునున్న యుక్కునంతయు గుంట లోతువఱకు దింపవలెను. అలుగుమీద ఒకచోట లతవంటి బూడిదరంగు నీడయు, అందు కంటికి కనబడీ కనబడని పసుపువన్నెయు నుండెను. అచ్చట సుద్దను సైతము తాకించలేదు. తడిదూది యొకమాఱు అద్ది, పొడిదూదితో నొత్తి విడిచితిని.

ఎనిమిదవ దినమున మెడమీద చుక్క కనబడెను. ఆఱుమొనల నక్షత్రము. దాని ప్రక్కను నాలుగు రేకుల పువ్వు. అది పువ్వు కాదు, మాల్టాసిలువ. రెండును కలిసి షెఫీల్డులో నార్ఫోకు వీధి 6వ నంబరున పని నడపిన జోసెఫ్ రాడ్జర్సు అండ్ సన్సు వారి ముద్ర. ఆ కుటుంబము నాలుగవ జార్జి కాలమునుండియే రాజవంశమునకు కత్తులిచ్చినది. ఆ పేరుమీద దొంగసరకును వచ్చెడిది గావున పేరొక్కటి చాలదు. ముద్రయు, దానిక్రింది పంక్తియు సరిపడవలెను. ఆ పంక్తి నువ్వుగింజలంత అక్షరములతో, ఏలినవారి కత్తుల పనివార మని చెప్పుకొనునది. అందు ఏలువారు పురుషుడైన హిజ్ అనియు, స్త్రీయైన హర్ అనియు నుండును. మా కత్తిమీద హెచ్ అక్షరము తేటగా నుండెను. దాని తరువాతి రెండక్షరములును మడ్డితో నిండియుండెను.

రెండు దినములు ఆ రెండక్షరములకే పట్టినవి. పుల్లతో తాకుట, కిరసనాయిలు చుక్క వేయుట, విడిచిపెట్టుట, మరల మఱునాడు చూచుట. ఒకమాఱు మూడవ యక్షరము ఎస్ వలె వంకర కనబడి, 1901 తరువాతి కత్తి యని వ్రాసికొంటిని. అది వంకర తుప్పుపొర యని మఱునాటి యెండలో తేలినది. పొర లేవగా నిలువుగీతయు, దానికి తలవద్ద ముడియు, క్రిందికి జాఱిన కాలును కనబడినవి. ఆర్ అక్షరము. నడిమిది ఇ. అది విక్టోరియారాణి కాలపు కత్తి, 1837కును 1901కిని నడుమ పుట్టినది. దేశనామము లేదు గావున 1890కి మునుపటిది కావచ్చునని నా యూహ. ఊహ యని చెప్పియే పిల్లవానికి కాగితము వ్రాసి యిచ్చితిని.

అతడు వచ్చి కత్తిని చూచెను. నేను చరిత్ర చెప్పుచునే యుంటిని, రాణి, నార్ఫోకు వీధి, హంట్సుమను అని. అతడు వినుచున్నట్లే తలయూపుచు, కన్నులు మూసికొని, మెడమీద బొటనవ్రేలు పెట్టి కొంతసేపు నిలిచెను. "ఇదేనండీ" అనెను. కత్తిని నూనెగుడ్డలో చుట్టి తీసికొనిపోయెను.

మొదటి కత్తిని మాత్రము అతడు పుచ్చుకొనలేదు, "మీ దగ్గరే ఉంచండి పంతులుగారూ" అనెను. అది నా పుస్తకముల బీరువాలో నున్నది. దానిమీదను అదే నక్షత్రము, అదే సిలువ యుండెనని నేను నమ్ముచున్నాను. చూపుటకు నాయొద్ద నేమియు లేదు. ప్రతి దసరాకును దానికి నూనె రాచి, బొట్టుపెట్టి, మరల గుడ్డలో చుట్టి పెట్టుచున్నాను.